ఇంటిమాటకు ఎర్రగీత: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు బడుల్లో భాషావివక్ష చరిత్ర

వ్యాససంగ్రహం: విద్యార్థుల సంస్కృతి పట్ల ఉపాధ్యాయులకుండే పక్షపాతం తెలుగు ప్రాంతాల్లో చాలావరకు భాషను సరిదిద్దే పని చాటున సాగుతుంది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాలను, వాటి చుట్టూ ఉన్న పల్లెలను, తండాలను ఆధారం చేసుకొని ఆ పక్షపాతం ఎలా ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిజాం కాలపు ఉర్దూ మాధ్యమం, 1948 తరవాతి మార్పులు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ వలసలు, 2014 తరవాతి పాఠ్యపుస్తకాలు అనే దశల్లో ఎవరి ఇంటిభాష బడికి పరాయిదైందో వివరిస్తుంది. తప్పును, వేరు రూపాన్ని విడదీసి చూడడం ఉపాధ్యాయ శిక్షణలో ఎందుకు భాగం కావాలో చర్చిస్తుంది.

కీలక పదాలు: ఇంటిభాష, మాండలికం, శిష్టవ్యవహారికం, లంబాడీ, ఉపాధ్యాయ శిక్షణ, నల్లగొండ జిల్లా.

1. ఒక క్రియారూపం

'చేసినాఁడు' అనే పాత రూపం కోస్తా వాడుకలో 'చేశాడు' అయింది. రాయలసీమలో 'చేసినాడు'గా చాలావరకు నిలిచింది. తెలంగాణలో 'చేసిండు' అయింది. మూడూ ఒకే మూలం నుంచి వచ్చినవే. నిజానికి మూలంలోని నకారపు జాడ 'చేశాడు'లో పూర్తిగా పోయింది. 'చేసిండు'లో అనునాసికంగానైనా మిగిలింది. చారిత్రక వ్యాకరణం దృష్టిలో ఈ రెండింటిలో ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అనడానికి ఆధారమేమీ లేదు. అయినా సూర్యాపేట పరిసరాల్లోని ఒక విద్యార్థి తన జవాబుపత్రంలో 'రాముడు పని చేసిండు' అని రాస్తే, దానికింద ఎర్రసిరా గీత పడడం దశాబ్దాలపాటు సాధారణ విషయం.

ఆ గీత గీసిన ఉపాధ్యాయుడు తాను వివక్ష చూపుతున్నానని అనుకోడు. భాష నేర్పుతున్నాననే అనుకుంటాడు. ఈ సమస్యలోని కష్టమంతా అక్కడే ఉంది. కులం పేరు పెట్టి పిలవడం, వెనక బల్లమీద కూర్చోబెట్టడం వంటివి కళ్లకు కనిపిస్తాయి, ఎవరైనా ఖండించగలరు. భాషను సరిదిద్దడం ఉపాధ్యాయుడి విధి కనుక, దాని వెనక ఉన్న పక్షపాతం విధి ముసుగులో భద్రంగా ఉంటుంది. పరీక్ష, మార్కులు, తనిఖీ అన్నీ దాన్ని సమర్థిస్తాయి. పిల్లవాడికి మాత్రం అర్థమయ్యేది వేరు. 'చేసిండు' అనేది అతని అమ్మ మాట, నాయన మాట. అది తప్పయితే ఇల్లే తప్పవుతుంది.

సూర్యాపేటను ఆనుకొని ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయాలు, శాసనాలు ఉన్నాయి. 'శృంగార శాకుంతలము', 'జైమిని భారతము' రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరి పేరే. ఆ కవి పేరును సాహిత్యచరిత్ర పాఠంలో వల్లె వేయించి, ఆ ఊరి పిల్లవాడి మాటను మోటు అని తీసిపారేయడంలోని వైరుధ్యం తరగతి గదిలో ఎవరికీ తట్టకపోవడం వింతే.

2. ఉర్దూ బడి నుంచి తెలుగు బడికి

ఈ ప్రాంతపు బడిలో ఇంటిభాష తలదించుకోవడం 1956తో మొదలు కాలేదు. హైదరాబాదు సంస్థానంలో పాలనాభాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను కూడా ఉర్దూలోనే బోధించింది. ఒక భారతీయ భాషలో ఆధునిక శాస్త్రాలను బోధించవచ్చని నిరూపించిన ఘనత ఆ విశ్వవిద్యాలయానిది; దాన్ని కాదనలేం. కాని సంస్థానంలో అత్యధికులు మాట్లాడిన తెలుగుకు ఆ ఘనతలో వాటా దక్కలేదు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పై చదువుకు పోయే పిల్లవాడు ఇంట్లో తెలుగును, బడిలో ఉర్దూను మోయవలసి వచ్చింది.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి సంవత్సరమే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రికను నడిపారు. జనసంఘం విస్తరించి ఆంధ్ర మహాసభగా రూపొందింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి మహాసభ జరిగింది. 1941 నాటి మహాసభకు వేదికైన చిలుకూరు కోదాడకు దగ్గరి ఊరే. దానికి రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. మాతృభాషలో విద్య అనేది ఈ ఉద్యమం ఆద్యంతం నిలుపుకొన్న కోరికల్లో ఒకటి. నల్లగొండ జిల్లా జనం తమ భాష కోసం బడినీ ప్రభుత్వాన్నీ నిలదీసిన చరిత్ర ఉన్నవారు. తరవాత జరిగిందాన్ని ఈ నేపథ్యంలో చూడాలి.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. బోధనాభాష ఉర్దూ నుంచి ప్రాంతీయ భాషలకు మారసాగింది. అనుకున్న కోరిక తీరినట్టే. అయితే తెలుగులో బోధించగల ఉపాధ్యాయులు స్థానికంగా తక్కువ. చదువుకున్న తరమంతా ఉర్దూలో చదువుకున్నది. ఆ ఖాళీలోకి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. 1952లో వరంగల్లులో రేగిన ముల్కీ ఆందోళనకు మూలం స్థానికేతర ఉపాధ్యాయుల నియామకాలే. ఆ ఆందోళన హైదరాబాదుకు పాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. ఆ ఉద్యమాన్ని ఉద్యోగాల గొడవగానే చరిత్ర పుస్తకాలు ఎక్కువగా వర్ణిస్తాయి. తరగతి గది వైపు నుంచి చూస్తే అందులో మరొక విషయం ఉంది. వచ్చిన ఉపాధ్యాయులు తమతోపాటు ఒక తెలుగును తెచ్చారు. అది మంచి తెలుగే. కాని అదొక్కటే తెలుగు అనే నమ్మకం కూడా దానితోపాటు వచ్చింది.

1956 తరవాత ఆ నమ్మకానికి పాఠ్యపుస్తకం తోడైంది. గ్రాంథికం క్రమంగా వెనక్కి తగ్గి శిష్టవ్యవహారికం వాచకాల్లోకి వచ్చింది. గిడుగు రామమూర్తి తరం పోరాడింది ప్రజల వాడుకభాష కోసమే. కాని ఆచరణలో వాడుక అంటే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యావంతుల వాడుక అని స్థిరపడింది. కాళోజీ నారాయణరావు బడిపలుకుల భాషకూ జనం పలుకుబడుల భాషకూ భేదం చూపి జీవితాంతం వాదించింది ఈ స్థిరపాటు మీదనే. 1921లో తెలుగు మాట్లాడినందుకు నగుబాటైన ప్రాంతం, మరో నాలుగు దశాబ్దాలకు తన తెలుగు మాట్లాడినందుకు నగుబాటైంది.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుచేయాలి. పిల్లల మాటల్లోని 'జల్ది', 'పరేషాన్', 'సడక్' వంటివి తురక మాటలనీ, భాషను చెడగొట్టాయనీ కొట్టివేసే ఉపాధ్యాయుడు ప్రతి ఉదయం తెరిచేది హాజరు పట్టీ. 'హాజరు' ఏ భాష నుంచి వచ్చిందో, 'ఖాళీ', 'ఖర్చు', 'జిల్లా' ఎక్కడివో అతను అడగడు. కోస్తా వాడుకలో ఇమిడిపోయిన ఉర్దూ, పారసీ మాటలు తెలుగైపోయాయి; అక్కడ ఇమడనివి అన్యదేశ్యాలుగా మిగిలాయి.

3. కాలువ తెచ్చిన తరగతి

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు ఈ కథలో ప్రత్యేక అధ్యాయం ఉంది. నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారిన మెట్టభూములు వరిపొలాలయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతుకుటుంబాలు వచ్చి భూములు కొని స్థిరపడ్డాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణంగా పెరిగింది. కోదాడ సరిహద్దు పట్టణం. అక్కడి నుంచి జగ్గయ్యపేటకు పోయే దారిలోనే యాస మారడం వినిపిస్తుంది.

వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, స్థానిక కుటుంబాల పిల్లలు, తండాల పిల్లలు ఒకే బడిలో కూర్చున్నారు. ఒకే వాచకం తెరిచారు. ఆ వాచకంలోని భాష మొదటివారికి ఇంటిభాష, రెండోవారికి చుట్టపు భాష, మూడోవారికి పరాయి భాష. 'వెళ్ళాడు', 'తీసుకువచ్చాడు', 'చొక్కా', 'తల' అని చదివితే ఒక పిల్లకు అవి ఇంట్లో విన్న మాటలే. పక్కనున్న పిల్ల 'పోయిండు', 'తెచ్చిండు', 'అంగి', 'నెత్తి' అనే మాటలను మనసులోనే మార్చుకొని చదవాలి. మొదటి పిల్ల చురుకైనదిగా, రెండో పిల్ల మందకొడిగా ఉపాధ్యాయుడికి కనిపిస్తే, అందులో తెలివి పాత్ర ఎంత, కాలువ పాత్ర ఎంత?

అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ 1968లో ప్రచురించిన అధ్యయనం ఉపాధ్యాయుడి అంచనా పిల్లల ఫలితాల మీద ప్రభావం చూపుతుందని వాదించింది. దాని పద్ధతి మీద విమర్శలు వచ్చాయి. అయినా ఎవరిని ప్రశ్న అడగాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, ఎవరి తప్పును చిరునవ్వుతో వదిలేయాలి అనే చిన్న నిర్ణయాలను అంచనాలే నడుపుతాయన్నది బోధనానుభవం ఉన్నవారికి తెలిసిన సంగతే. సాగర్ ఆయకట్టు బడుల్లో ఆ అంచనాకు మొదటి ఆధారం పిల్లల నోటిమాట.

ఈ పక్షపాతాన్ని కోస్తా ఉపాధ్యాయుడికి, తెలంగాణ విద్యార్థికి మధ్య తగవుగా మాత్రమే చెప్పడం సరికాదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో జిల్లా స్థాయి నియామకాల్లో స్థానికులకు ప్రాధాన్యం వచ్చింది. ఉపాధ్యాయుల్లో అధికులు అదే జిల్లావారయ్యారు. ఎర్రగీత మాత్రం ఆగలేదు. తన ఇంట్లో 'చేసిండు' అనే ఉపాధ్యాయుడే తరగతిలో దాన్ని దిద్దాడు. తాను ఆ గీతల కింద నుంచే చదువుకొని ఉద్యోగం సంపాదించాడు కనుక, ఆ దారి తప్ప పిల్లలకు మరో దారి లేదని నమ్మాడు. ఆ నమ్మకంలో పిల్లల మీద అక్కరే ఉంది. అందుకే అది మరింత గట్టిది. దీనికి కులం పొర కూడా ఉంది. ఒకే ఊళ్లో, ఒకే మాండలికంలో, దళితవాడ పిల్లల ఉచ్చారణకు పడిన గద్దింపు పెద్దిళ్ల పిల్లల ఉచ్చారణకు పడలేదు.

4. తండా నుంచి వచ్చే పిల్లలు

మిర్యాలగూడ, దామరచర్ల, సూర్యాపేట పరిసరాల్లో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. లంబాడీల ఇంటిభాష గోర్ బోలీ. ఇది రాజస్థానీకి దగ్గరి ఇండో ఆర్య భాష; తెలుగు ద్రావిడ భాష. ఇంట్లో అమ్మను 'యాడి' అని, నీళ్లను 'పాణి' అని పిలిచే అయిదేళ్ల పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన రోజున తెలుగు అతనికి రెండో భాష. కాని పాఠ్యప్రణాళిక దాన్ని మొదటి భాషగానే లెక్కిస్తుంది. ఆ పిల్లవాడి మౌనం మొద్దుతనంగా నమోదవుతుంది.

వ్యాకరణం దగ్గర చూస్తే చిక్కు స్పష్టమవుతుంది. తెలుగు ఏకవచనంలో 'అమ్మ వచ్చింది', 'బండి వచ్చింది' అని స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియారూపం వాడుతుంది. గోర్ బోలీలో నామవాచకాలు పుంలింగ, స్త్రీలింగాలుగా విడిపోతాయి. వస్తువులు కూడా ఏదో ఒక లింగానికి చెందుతాయి. అటువంటి భాషనుంచి వచ్చిన పిల్లవాడు తెలుగు క్రియాంతాల దగ్గర తడబడితే, అతను తన భాషా నియమాన్ని క్రమంగా పాటిస్తున్నాడని అర్థం. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి తేడా చూపగలడు. తెలియనివాడు నాలుగోసారి కూడా గద్దిస్తాడు.

ఈ పిల్లల మీద పడే నీడ భాషతో ఆగదు. లంబాడీలు ఒకప్పుడు ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోసిన సంచార వర్తకులు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం వంటి వలసపాలన చర్యలు సంచార జాతుల మీద నేరస్థులనే ముద్ర వేశాయి. నిజాం పాలనలో లంబాడీల స్థితి ఎలా మారిందో చరిత్రకారుడు భంగ్యా భూక్యా వివరంగా పరిశోధించారు. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డు తెగల్లో చేర్చింది 1976 నాటి చట్టసవరణ. చట్టం మారినా బడిలో ఏదైనా వస్తువు పోతే ముందుగా ఎవరి సంచీ వెతుకుతారన్నది ఆ పాత ముద్ర ఎంత మిగిలిందో చెప్పే కొలత.

హాజరు విషయం కూడా ఇలాంటిదే. శ్రావణంలో తీజ్ పండుగ తొమ్మిది రోజులు జరుగుతుంది. తండా ఆడపిల్లలు గోధుమ మొలకలు పెంచుతారు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర జరుగుతుంది. యాదవ కుటుంబాలు ఊళ్లకు ఊళ్లు కదిలిపోతాయి. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళతారు. ఈ తేదీలు తెలిసిన ఉపాధ్యాయుడికి ఆ వారం పిల్లలు ఎందుకు రాలేదో ముందే తెలుస్తుంది. తెలియని ఉపాధ్యాయుడు 'చదువు మీద శ్రద్ధ లేని కుటుంబాలు' అని రాసుకుంటాడు. సంక్రాంతికి ఊరు వెళ్లి రెండు రోజులు ఆలస్యంగా వచ్చిన పిల్లల గురించి అలా ఎవరూ రాయరు.

5. దిద్దుబాటులోని తారతమ్యం

ప్రామాణిక భాష నేర్పవద్దా అనే ప్రశ్న ఇక్కడ తప్పదు. నేర్పాలి. పోటీ పరీక్షలు, పత్రికలు, కార్యాలయాలు ఆ భాషలోనే ఉన్నాయి. దాన్ని పిల్లలకు దూరం చేయడం మరో రకమైన అన్యాయం. వివాదం నేర్పడం గురించి కాదు, ఇంటిభాషను ఏమని పిలిచి నేర్పుతారన్నదాని గురించి.

దీనికి తెలుగువారిలోనే పూర్వోదాహరణ ఉంది. పర్లాకిమిడిలో అధ్యాపకుడైన గిడుగు రామమూర్తి కొండప్రాంతాల సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందుగా తాను సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు, 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. వాడుకభాషోద్యమ నాయకుడిగా గిడుగును ప్రతి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠంగా చెబుతారు. సవర విద్యార్థిగా గిడుగును అంతగా చెప్పరు. తండా బడిలో పనిచేయబోయే ఉపాధ్యాయుడికి అవసరమైనది ఆ రెండో గిడుగు.

ఇదే చిక్కు అమెరికాలో న్యాయస్థానం దాకా వెళ్లింది. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్ పట్టణంలో నల్లజాతి పిల్లల ఇంటి ఇంగ్లీషును బడి పట్టించుకోకపోవడం వల్ల వారు చదవడంలో వెనకబడ్డారని తల్లులు దావా వేశారు. 1979 జులైలో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ తీర్పు ఇచ్చారు. పిల్లలకు ఆ మాండలికంలోనే చదువు చెప్పమని ఆయన ఆదేశించలేదు. ఉపాధ్యాయులు పిల్లల ఇంటిభాషను గుర్తించి, ఆ ఎరుకతో ప్రామాణిక ఇంగ్లీషు చదవడం నేర్పేలా పాఠశాల మండలి చర్య తీసుకోవాలన్నారు. అంతకు పదేళ్ల ముందే భాషావేత్త విలియం లెబోవ్ నల్లజాతి ఇంగ్లీషుకు తనదైన క్రమబద్ధమైన వ్యాకరణం ఉందని వాదించారు. ఆయన ఈ కేసులో సాక్ష్యం కూడా చెప్పారు.

తెలుగు ఉపాధ్యాయులకు ఇందుకు తగిన సామగ్రి చేతిలోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడింది. ఒకే పనిముట్టుకు జిల్లా జిల్లాకూ ఎన్ని పేర్లున్నాయో అందులో కనిపిస్తుంది. పరిశోధకులు దాన్ని విస్తృతంగా వాడుకున్నారు, బి.ఎడ్. తరగతిలో దాన్ని తెరిచి ఒక పాఠం చెప్పినా దిద్దుబాటు తీరు మారేది. జవాబుపత్రంలో 'విధ్యార్థి' అని కనిపిస్తే అది వర్ణక్రమదోషం. ఏ ఇంటి పిల్లవాడు రాసినా తప్పే. 'వచ్చిండు' కనిపిస్తే అది మాండలిక రూపం. పక్కన 'వాచకంలో: వచ్చాడు' అని రాస్తే చాలు, మార్కు తగ్గించనక్కర్లేదు. లింగవచనాల తడబాటు కనిపిస్తే అది ఇంటిభాష ప్రభావం. దానికి విడిగా పాఠం కావాలి. మూడింటికీ ఒకే ఎర్రగీత గీయడం వల్ల ఉపాధ్యాయుడికి సమయం మిగులుతుంది. తన తప్పు ఏమిటో పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు.

6. 2014 తరవాత

తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వాచకాలు మారాయి. ఈ ప్రాంత రచయితలకు చోటు పెరిగింది. కాళోజీ పుట్టినరోజైన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవమైంది. 2018లో బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 'చేసిండు' అనే మాటకు వేదికల మీదా, సినిమాల్లోనూ గౌరవం వచ్చింది. ఇది చిన్న మార్పేమీ కాదు. అయితే కోదాడ బడిలో మూడో తరం వలస కుటుంబపు పిల్లవాడి యాసను తోటివారు వెక్కిరిస్తే, ఉపాధ్యాయుడు నవ్వి ఊరుకోవడం పాత పక్షపాతాన్నే తిరగేసి కొనసాగించడమవుతుంది. ఆ పిల్లవాడు పుట్టింది కోదాడలోనే.

తండా పిల్లల పరిస్థితిలో మాత్రం అంత మార్పు కనిపించదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. విద్యాహక్కు చట్టం 2009లో, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలనీ, పిల్లలు భయాందోళనలు లేకుండా చదువుకోవాలనీ పేర్కొంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమం నడిచింది. వాటిలో లంబాడీ ఒకటి. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు తయారయ్యాయి. కాని మైదానప్రాంతపు తండాల బడుల్లో అది స్థిరమైన పద్ధతిగా నిలబడలేదు.

2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. తల్లిదండ్రుల కోరికా అదే. దళిత, గిరిజన కుటుంబాలు ఇంగ్లీషును కోరుకోవడానికి బలమైన కారణాలున్నాయి, వాటిని భాషాభిమానంతో కొట్టివేయడం తగదు. మార్పును సులభం చేయడానికి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు: ఒక పుటలో ఇంగ్లీషు, దానికి ఎదురుగా అదే పాఠం తెలుగులో. ఇంగ్లీషు అర్థం కానప్పుడు ఇంటిభాషలో చదువుకోవచ్చన్నది దాని ఉద్దేశం. సూర్యాపేట పట్టణంలోని పిల్లవాడికి ఆ రెండో పుట నిజంగానే ఆసరా. దామరచర్ల దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్లవాడు పుస్తకం తెరిస్తే ఎడమవైపు ఒక పరాయి భాష, కుడివైపు మరో పరాయి భాష ఉంటాయి. అతని ఇంటిభాషకు ఆ గదిలో మిగిలిన చోటు, దాన్ని నేర్చుకోవడానికి సిద్ధపడిన ఉపాధ్యాయుడు ఉంటే, ఆ ఉపాధ్యాయుడి నోరే.